మస్కట్ గది చప్పుడు

2023 మార్చి. ఆర్మూరులో పసుపు సీజన్ మంచి ఊపు మీద ఉంది. నిజామాబాద్ రోడ్డులో లారీల కాటా పక్కన నా షాపు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు పసుపు బస్తాల ట్రాక్టర్లు ముందు నుంచి పోతూనే ఉంటాయి. ఆ రెండు నెలలూ నా స్క్రూడ్రైవర్ల మీద, వైరు చుట్టల మీద, ఆఖరికి టీ గ్లాసు అంచు మీద కూడా పసుపు దుమ్మే. “నీ టూల్‌బాక్సుకు పెండ్లి జేస్తున్నవా భాయ్?” అని ఎదురుగా టైర్ల షాపు ఆయన ఏటా అదే మాట అని నవ్వుతాడు. ఏటా నేనూ నవ్వుతాను.

ఇరవై నాలుగేళ్లుగా కార్లకు ఆడియో బిగించడం నా పని. సీటు కవర్లు, రివర్స్ కెమెరాలు కూడా వేస్తాను కానీ అవి పొట్ట కోసం. మనసుకు నచ్చిన పని ఒకటే, సబ్‌వూఫర్‌కు సరిపడే ఆంప్లిఫయర్‌ను జత చేయడం. సబ్‌వూఫర్ అంటే డిక్కీలో చెక్క డబ్బాలో కూర్చునే పెద్ద స్పీకరు. పాటలో డప్పు దెబ్బ మీ కడుపులో తగిలిందంటే అది దాని పనే. ఆంప్లిఫయర్, మేము ఆంప్ అంటాం, దానికి బలం ఇచ్చే మిషను. ఆ రెండింటికీ జోడీ కుదరకపోతే ఎంత ఖరీదైన సామానైనా దండగే.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరో బిగించిన చెత్త పని నా దగ్గరికి వస్తే అది ముక్కు దిగి నోట్లోకి వస్తుంది. ఆ రోజుల్లో ఇంకాస్త ఎక్కువగా ఉండేది. నా భార్య మెహర్ పోయి అప్పటికి ఏడాదిన్నర. ఇంటికి పోతే ఆమె కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంటుంది, అంతే. ఉన్నమాట చెప్పాలంటే ఆ రోజుల్లో గిరాకీ కోసం కాదు, మనిషి మాట కోసం షాపు తెరిచేవాణ్ణి. మళ్లీ మాట్లాడే మనిషి వస్తే వాడి మీదే కసురుకునేవాణ్ణి.

అలాంటి ఒక మధ్యాహ్నం పాత తెల్ల కారు వచ్చి ఆగింది. దిగినాయన పేరు సాయన్న. మోర్తాడ్ దగ్గర ఒక పల్లె. నలభై ఎనిమిదేళ్లు ఉంటాయి. కళ్ల కింద నల్లగా, సంచులు వేలాడుతున్నాయి. మావైపు ఏ గల్ఫ్ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు కానీ ఈయన పోయింది మస్కట్. పదిహేడేళ్లు ఒక కంపెనీలో నీళ్ల ట్యాంకర్ నడిపి, ఎనిమిది నెలల కింద ఇంటికి వచ్చేశాడు.

“భాయ్, డబ్బాల సప్పుడు మంచిగ వస్తలేదు. జర చూస్తవా?”

డిక్కీ ఎత్తగానే కాలిన లక్క వాసన ముక్కుకు కొట్టింది. ఆ వాసన తెలిసినవాడికి మీటరు అక్కర్లేదు. స్పీకరు లోపల రాగి తీగ చుట్ట ఉంటుంది, వాయిస్ కాయిల్ అంటాం. అది మాడిపోయింది.

“కాలింది. ఇగ దీన్ని పారేసుడే” అన్నాను.

“ఎట్ల కాలింది? మిషిన్ చిన్నదే గదా? పెద్దది పెడితె కాలుతదని కావాలనే చిన్నది పెట్టిచ్చిన.”

అందరూ చేసే పొరపాటే ఇది. చిన్న ఆంప్ పెడితే స్పీకరు భద్రం అనుకుంటారు. నిజానికి స్పీకర్లను ఎక్కువగా చంపేది చిన్న ఆంపులే. దాని శక్తి అయిపోయాక కూడా మనం ఇంకా ఇంకా అని నాబ్ తిప్పితే, అది శబ్దపు అల తలా తోకా కోసి పంపిస్తుంది. దాన్ని క్లిప్పింగ్ అంటాం. అలా కోసిన శబ్దంతో స్పీకరు కదిలేది తక్కువ, వేడెక్కేది ఎక్కువ. ఈయన ఆంప్ చూశాను. మీద వెయ్యి వాట్లు అని పెద్ద స్టిక్కరు. పేరు గొప్ప ఊరు దిబ్బ. ఒక్క క్షణం పాటు ఇచ్చే బలాన్ని పీక్ అని అచ్చు వేస్తారు. ఎంతసేపైనా నిలకడగా ఇచ్చే బలం వేరు, దాన్ని ఆర్ఎంఎస్ అంటాం. ఇది ఆర్ఎంఎస్‌లో డెబ్బై వాట్లు ఇచ్చినా గొప్పే. దానికి తోడు ఆంప్ బలాన్ని సరిచేసే గెయిన్ నాబ్ చివరంటా, లోతు శబ్దాన్ని పెంచే బాస్ బూస్ట్ చివరంటా తిప్పి ఉంది.

“గిదేంది సాయన్నా, గెయిన్ అంటె వాల్యూం అనుకున్నవా? గింతగనం తిప్పి ఏం పాటలు పెట్టినవ్?”

ఆయన నేల చూశాడు. “పాటలు కాదు భాయ్. ఉత్తగనే” అన్నాడు.

ఏవో పాటలు వింటాడు, చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. ఆ ఉత్తగనే అన్న మాట దగ్గర నేను ఆగాల్సింది. ఆగలేదు. సామాను చూశానే కానీ మనిషిని చూడలేదు.

మూడు రోజుల్లో కొత్త సబ్‌వూఫర్, కొత్త ఆంప్ తెప్పించాను. ఇక నా లెక్కల సంబరం మొదలైంది. సబ్‌వూఫర్‌లో రెండు కాయిళ్లు, ఒక్కోటి నాలుగు ఓమ్‌లు. ఓమ్ అంటే కరెంటుకు ఆ తీగ పెట్టే అడ్డు. రెంటినీ పక్కపక్కన కలిపితే అడ్డు రెండు ఓమ్‌లకు దిగుతుంది, ఒకదాని వెనక ఒకటి కలిపితే ఎనిమిదికి ఎక్కుతుంది. పాత డబ్బా బిగించినాయన దాన్ని ఎనిమిది చేసి పెట్టాడు, అసలే అంతంతమాత్రం ఆంప్‌కు అది ఇంకో దెబ్బ. నేను రెండు ఓమ్‌లు చేసి, రెండు ఓమ్‌ల దగ్గర మూడు వందల వాట్లు ఆర్ఎంఎస్ ఇచ్చే ఆంప్ జత చేశాను. మూడు వందలను రెండుతో గుణిస్తే ఆరు వందలు, దాని వర్గమూలం ఇరవై నాలుగున్నర. అంటే యాభై హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టి, మీటరులో ఇరవై నాలుగున్నర వోల్టులు వచ్చేదాకా గెయిన్ తిప్పి, అక్కడ ఆపాలి. టెస్ట్ టోన్ అంటే ఎక్కుడు దిగుడు లేకుండా ఒకే స్వరంలో సాగే శబ్దం, నా పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ ఉంటుంది. అన్నీ అచ్చంగా కుదిరాయి. మీసం మీద చెయ్యి వేసుకోవడమే తక్కువ.

“ఇగ పెట్టు నీ పాట” అన్నాను.

సాయన్న ఫోను తీసి కారుకు కలిపాడు. ప్లే నొక్కి, సీటుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

స్పీకర్లలోంచి సన్నటి ఇసుక రాలినట్టు ఒక శబ్దం వచ్చింది. ఎవరో దగ్గారు. మంచం కిర్రుమంది. మళ్లీ ఇసుక. డిక్కీలో నా మూడు వందల వాట్ల సబ్‌వూఫర్ ఉలకదు, పలకదు.

సాయన్న కళ్లు తెరిచి నన్ను చూశాడు. పరీక్ష తప్పిన పిల్లవాడి మొహం. “దీంట్ల గూడ వస్తలేదు భాయ్.”

“గిదేంది సాయన్నా?”

“మా రూము.”

“ఏం రూము?”

“మస్కట్ల మా రూము. ఎనమండుగురం ఉంటుంటిమి. పాత కిటికీ ఏసీ. పదిహేడేండ్లు గా సప్పుడులనే పండుకున్న భాయ్. ఘూం... అంటది. ఛాతి మీద ఎవలో చెయ్యి పెట్టినట్టే ఉంటది. జరసేపైనంక టక్కున ఆగుతది. ఆగంగనే ఎనమండుగురం పక్కకు ఒత్తిగిల్తం. మళ్ల షురువైతది. మళ్ల అందరం పండుకుంటం.” ఫోను తెర ఆర్పాడు. “ఈడికి వచ్చినంక కన్ను మలుగుతలేదు. ఇంట్ల సప్పుడే లేదు. నా గుండె సప్పుడు నాకే వినస్తది. భయమైతది.”

“మరి ఎందుకు రికార్డ్ చేసుకున్నవ్?”

“కంపెనీ బందైంది. ఆఖరి దినం సామాన్లు సదురుకున్నం. అన్ని పట్టినయ్ గని గిదొక్కటి పట్టదు గదా అని ఫోన్ల పట్టుకున్న.”

చెప్పాల్సింది చెప్పక తప్పదు. మాట్లాడే గొంతు స్పష్టంగా రావాలని ఫోనులో రికార్డు చేసేటప్పుడు బరువైన లోతు శబ్దాలను తీసేస్తారు. ఏసీ ఘూంకారం అందులో పడనే లేదు. పడని దాని కోసం ఆయన చిన్న ఆంప్ గెయిన్ చివరంటా తిప్పి, బాస్ బూస్ట్ తిప్పి, గంటల తరబడి మోగించి కాయిల్ మాడ్చుకున్నాడు. నేను వచ్చి అదే లేని దానికి మూడు వందల వాట్లు జత చేశాను. ఇరవై నాలుగేళ్ల అనుభవం!

“బాయిల నీళ్లుంటెనే గద సాయన్నా బొక్కెనలకు వచ్చేది. నీ ఫోన్ల గా సప్పుడు పడలే” అన్నాను.

“అంటే ఇగ లేనట్టేనా?”

మళ్లీ పట్టుకుందామంటే ఆ గదే లేదు. గదిలో వాళ్లంతా తలా ఒక దిక్కయ్యారట. ఒకాయనది కేరళ, ఒకాయనది నేపాల్. క్యాంపు కూల్చేశారట. ఆ ఇసుక శబ్దం ఒక్కటే మిగిలింది.

పని మాత్రం పూర్తి చేయాలి కదా. చివరన ఒక పరీక్ష ఉంటుంది. టోన్‌ను సబ్‌వూఫర్‌లో తక్కువగా మోగించి, నంబరు ప్లేటు, డిక్కీ మూత ఎక్కడైనా గలగలమంటున్నాయేమో చూస్తాం. యాభై హెర్ట్జ్ టోన్ పెట్టి, వాల్యూం బాగా తగ్గించి, “ముంగట కూసొని ఏదన్న గలగలమంటె చెప్పు” అని వెనక్కి వెళ్లాను. నంబరు ప్లేటు నొక్కి చూశాను. మూత బోల్టు బిగించాను. “ఏమన్న వినస్తుందా?” అని అరిచాను. సమాధానం లేదు. “ఓ సాయన్నా!” లేదు. కోపంగా ముందుకు వచ్చాను.

నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చేయి గేరు మీదే ఉంది. డిక్కీలోంచి ఘూం అని ఒకే స్వరం.

లేపలేదు. ఇంకో కారు వచ్చింది, రేపు రమ్మని పంపించేశాను. స్టూలు వేసుకుని పక్కన కూర్చున్నాను. పగలు అలా నిద్రపోతున్న మనిషిని కాపలా కాసి చాలా రోజులైంది. మెహర్‌ను దవాఖానలో కాచిన తర్వాత మళ్లీ ఇదే.

అరగంటకు డాష్‌బోర్డు మీద ఆయన ఫోను మోగింది. తెర మీద ‘ఇల్లు’ అని ఉంది. ఆయన లేస్తాడేమోనని గబుక్కున ఎత్తాను. అవతల ఆడగొంతు.

“నేను ఆడియో షాపు భాయ్‌ని చెల్లె. సాయన్న కార్ల పండుకున్నడు.”

“నిజంగనే పండుకున్నడా?”

“గుర్రు పెడుతున్నడు.”

“లేపకు భయ్యా. నీకు దండం పెడ్త, లేపకు. నేనే వస్తున్న” అని పెట్టేసింది.

ఆమె పేరు గంగామణి. బస్సు పట్టుకుని గంటన్నరలో వచ్చింది. వేళ్లకు ఇంకా తంబాకు వాసన, బీడీలు చుడుతూ చుడుతూ లేచి వచ్చినట్టుంది. కారు అద్దం దగ్గర నిలబడి మొగుణ్ణి అలా చూస్తూ ఉండిపోయింది. ఆయన ఇంకా లేవలేదు.

“వచ్చి ఎనిమిది నెలలైంది భయ్యా. గిట్ల నోరు తెరిచి పండంగ ఇయ్యాలనే చూస్తున్న” అంది మెల్లగా.

టీ తెప్పించాను. తాగుతూ చెప్పింది. మొదట్లో ఆయన ఇంట్లోనే పడుకునేవాడట. అటు దొర్లి ఇటు దొర్లి తెల్లారేసరికి ఎర్రకళ్లతో లేచేవాడట. తర్వాత కారు కొన్నాడు. రేకుల షెడ్డులో కారు పెట్టి, దోమలు రాకుండా చుట్టూ పరదా కట్టి, ఇంజను నడిపి ఏసీ వేసుకుని అందులో పడుకోవడం మొదలుపెట్టాడు. ఏసీ గాలి సన్నగా ఉంది, ఘూం అనడం లేదని సబ్‌వూఫర్ పెట్టించాడు.

“ఊరంత నవ్వుతున్రు. పెండ్లాం పక్కల పండనిస్తలేదా, కార్ల పంటున్నడని. నేనేం తప్పు జేసిన్నో నాకెర్కలేదు భయ్యా. పదిహేడేండ్లు గా ఇంట్ల ఒక్కదాన్నే పండుకున్న. సప్పుడుంటె నాకు నిద్ర రాదు. ఆయనకేమో లేకుంటె రాదు.”

నాకు నిందలు, నవ్వులు వినిపించలేదు. పరదా కట్టిన షెడ్డు, నడుస్తున్న ఇంజను, మూసిన అద్దాలు, అవే వినిపించాయి. చేతిలో టీ గ్లాసు కింద పెట్టాను. మూసిన చోట ఇంజను నడిస్తే పొగలోని విషం లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. ఎనిమిది నెలల నిద్ర లేని మనిషికి నేను నిద్ర పట్టే మిషను ఆ కారులోనే బిగించి చేతికి ఇస్తున్నాను.

సాయన్న లేచేసరికి నేను డిక్కీలో బోల్టులు విప్పుతున్నాను.

“ఏం జేస్తున్నవ్ భాయ్?”

“దీన్ని కార్ల ఉంచను.”

“కారు నాది, డబ్బా నాది. ఉంచనంటె ఏంది?”

“ఇంజిన్ పెట్టుకొని షెడ్డుల పండుకుంటె ఒకనాడు లేవవు సాయన్నా. చెప్తె సమజ్ గాదా?”

“లేవకుంటె ఏమాయె?”

కోపంతో అన్న మాట కాదది. టీ చల్లగా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. అన్నాక చూశాడు, గంగామణి కారుకు అటు పక్కన నిలబడి ఉందని. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన తల దించుకున్నాడు. రోడ్డు మీద పసుపు ట్రాక్టరు ఒకటి పోయింది. 

ముందు మాట్లాడింది ఆమే. “ఇంట్ల పెట్టు భయ్యా. గా సప్పుడు మా ఇంట్లనే పెట్టు. నేను ఓర్సుకుంట.”

నా ఇరవై నాలుగేళ్లలో కారు సబ్‌వూఫర్ ఇంట్లో బిగించింది అదొక్కసారే. ఇంట్లో కారు బ్యాటరీ ఉండదు కాబట్టి, గోడ కరెంటును పన్నెండు వోల్టులుగా మార్చే ఎస్ఎంపీఎస్ అనే పెట్టె కావాలి. అది తెచ్చాను. టోన్ ఊరికే సాగితే సరిపోదని సాయన్నను అడిగి అడిగి తెలుసుకున్నాను. ఎంతసేపు నడిచి ఆగేది, ఆగి ఎంతసేపు ఉండేది, మళ్లీ మొదలయ్యేటప్పుడు ఎలా ఉండేది. ఆయన కళ్లు మూసుకుని వేళ్ల మీద లెక్క చెప్పాడు. పన్నెండు నిమిషాలు నడవాలి, మూడు నిమిషాలు ఆగాలి. “ఆగుడు గూడ ఉండాలె భాయ్. ఆగకుంటె అది మా ఏసీ కాదు” అన్నాడు. కంప్యూటరులో అలాగే ఫైలు చేశాను. యాభై హెర్ట్జ్‌కు తోడు కాస్త గరుకు కలిపాను. వినిపిస్తే చాలాసేపు విని, “పాత ఏసీకి ఇంకింత జలుబుండె” అన్నాడు. ఆయన నవ్వగా చూసింది అప్పుడే. జలుబు కూడా కలిపాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ల పల్లెకు పోయాను. రెండు గదుల ఇల్లు. మంచం కింద డబ్బా పెట్టి, ఆంప్‌కు ఆ ఫైలు వేసిన చిన్న ప్లేయరు తగిలించి, వైర్లు కలిపాను. ఇక గెయిన్ పెట్టాలి. మీటరు తీశాను, మళ్లీ సంచిలో వేశాను. ఇక్కడ ఇరవై నాలుగున్నర వోల్టులతో పని లేదు.

సాయన్న మంచం మీద పడుకున్నాడు. గంగామణి గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను నాబ్ దగ్గర కూర్చుని సన్నగా పెంచుతూ పోయాను.

“వినస్తుందా సాయన్నా?”

“లే.”

ఇంకొంచెం.

“ఎక్కడ్నో దూరం కెళ్లి వస్తున్నట్టుంది.”

ఇంకొంచెం. ఆయన మాట ఆగింది. భుజాలు వదులయ్యాయి. ఇంకాస్త తిప్పబోతుంటే గంగామణి చెయ్యి ఎత్తింది. ఆమె చాటలోకి చూస్తోంది. చాటలో తంబాకు పొడి సన్నగా అదురుతోంది, చాట అంచు వైపు చీమల బారులా జరుగుతోంది.

“బస్ భయ్యా. ఇగ చాలు. గింతకంటె నాతోని గాదు” అంది.

వెనక్కి ఒక వెంట్రుకవాసి తిప్పాను. తంబాకు అదరడం ఆగింది. మంచం మీద ఆయన ఊపిరి మాత్రం మారలేదు. ఇద్దరికీ కుదిరే చోటు ఆ వెంట్రుకవాసిలోనే ఉంది. నాబ్ ఎవరైనా కదిలిస్తే తెలియడానికి మా పనిలో ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెడతాం. పెట్టాను. ఇంతా చేసి ఆ డబ్బా మింగే కరెంటు రెండు మూడు వాట్లు. మూడు వందల వాట్ల ఆంప్ నన్ను చూసి నవ్వి ఉంటుంది.

బండి తీస్తుంటే గంగామణి వాకిట్లోకి వచ్చింది. లోపల ఘూం ఆగింది. మంచం కిర్రుమంది, ఆయన ఒత్తిగిల్లాడు. మళ్లీ మొదలైంది. ఆమె లోపలికి పోయి చాట ముందేసుకుంది.

ఆ తర్వాత చాలా రోజులు వాళ్ల కబురు లేదు. కబురు లేదంటే మిషను బాగుందని మా పనిలో అర్థం. సాయన్న మళ్లీ డ్రైవింగుకు పోతున్నాడు, ఒకసారి రోడ్డు మీద లారీ ఆపి సలాం కొట్టాడు. పసుపు లోడుతో మహారాష్ట్రలోని సాంగ్లి మార్కెటుకు పోతున్నాడట. కాస్త ఒళ్లు చేశాడు, కళ్ల కింద సంచులు లేవు. “క్యాబిన్ల మస్తు నిద్ర వడ్తది భాయ్, ఇంజినే జోల పాడ్తది” అన్నాడు. నెలలో సగం రోజులు లారీ మీదే ఉంటాడట. నేను సంతోషించాను. ఆయన వరకే సంతోషించాను. ఆ మిగతా సగం రోజులు ఆ ఇంట్లో ఏముంటుందో ఆలోచించలేదు.

2024 చివర్లో ఒక మధ్యాహ్నం గంగామణి ఒక్కతే బస్సు దిగి వచ్చింది. తువ్వాలలో చుట్టి, బియ్యం సంచిలో పెట్టి ఆంప్, ఎస్ఎంపీఎస్ రెండూ మోసుకొచ్చింది.

“నాలుగు దినాలైంది భయ్యా బంద్ వడి. కరెంటు ఎక్కువ తక్కువైంది. జర జల్ది చేసియ్యవా?”

ఆమె కళ్ల కింద చూశాను. ఆ నల్లటి సంచులు నాకు తెలిసినవే.

“సాయన్న ఇంటి కాడ ఉన్నడా?”

“సాంగ్లి పోయిండు. వచ్చే వారం వస్తడు.”

విప్పాను. ఫ్యూజ్ పోయింది, అంతే. కొత్తది వేసి, షాపులో ఉన్న ఒక సబ్‌వూఫర్‌కు కలిపాను. అప్పుడు కనిపించింది గెయిన్ నాబ్. ఎర్ర చుక్క దాటి చాలా ముందుకు తిరిగి ఉంది. ఒక వెంట్రుకవాసి కాదు, బొటనవేలంత.

“ఎవలు తిప్పిండ్రు చెల్లె? నేను చుక్క పెట్టి ఇస్తిని గద?”

ఆమె సంచి మడతపెడుతూ ఉంది. మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

“నేనే.”

నేను నాబ్ మీది వేలు తీశాను.

“ఆయన లేనప్పుడు ఇల్లు మునుపటి లెక్క లేదు భయ్యా. పదిహేడేండ్లు ఒక్కదాన్నే ఉన్న, ఏమనిపియ్యలే. ఇప్పుడు ఉండస్తలేదు. ఒక్కపాలి పోయినప్పుడు ఇంత తిప్పిన. మళ్ల పోయినప్పుడు ఇంకింత.”

కంప్యూటరులో వాళ్ల ఫైలు పెట్టి స్విచ్ వేశాను. ఘూం అని మొదలైంది. బల్ల మీద స్క్రూలు సన్నగా అదిరాయి. పరీక్షకు ఒక్క నిమిషం చాలు, నేను ఆపలేదు. ఆమె స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. నేనూ కూర్చున్నాను. మెహర్ కుట్టుమిషను చప్పుడు నేను ఏ ఫోనులోనూ పట్టుకోలేదు. బతికున్నప్పుడు ఆ టకటక ఆపవా అని కసిరేవాణ్ణి. పన్నెండు నిమిషాలకు ఘూం ఆగింది. ఆ మూడు నిమిషాలు చాలా పొడుగ్గా గడిచాయి. మళ్లీ మొదలయ్యాక ఆమె ఊపిరి వదిలి లేచింది.

“ఇప్పుడున్న కాడ కొత్త చుక్క పెట్టాల్నా చెల్లె?” అన్నాను.

“వద్దు భయ్యా. ఆయన వచ్చే దినం పాత చుక్క కాడికి తెస్త” అంది. తువ్వాలలో ఆంప్‌ను జాగ్రత్తగా చుట్టి, బస్సు వేళ అవుతోందని గబగబా వెళ్లిపోయింది.

ఓమ్‌లు, వాట్లు, వోల్టులు నేను ఇప్పటికీ అంతే పట్టింపుతో చూస్తాను, అవి తప్పితే సామాను కాలుతుంది. కానీ మీటరు తీసే ముందు ఇప్పుడు రెండు ప్రశ్నలు అడుగుతాను. మొదటిది, దీంట్లో ఏం వింటావు అని. రెండోది, నువ్వు లేనప్పుడు ఇది ఎవరు వింటారు అని. మొదటిదానికి అందరూ జవాబు చెబుతారు. రెండోదానికి చాలామంది నవ్వుతారు, భాయ్‌కి వయసైపోయింది అనుకుంటారు. నవ్వకుండా ఆగిపోయేవాళ్లు అప్పుడప్పుడు ఒకరు వస్తారు. వాళ్లకు స్టూలు వేసి, టీ చెబుతాను.